ఆలస్యంగా పలికిన పేగు

నా సిద్ధాంత గ్రంథంలో నూట పన్నెండో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది. ఈ ఫలితాన్ని నమ్మడానికి లేదనీ, సహాయకుడు పరికరాలు సరిగ్గా కడగకపోవడం వల్ల వచ్చి ఉండవచ్చనీ దాని అర్థం. అది అబద్ధం. రాసేటప్పుడే నాకు అబద్ధమని తెలుసు. ఆ సహాయకుణ్ణి మేమంతా మసి బాబాయి అనేవాళ్లం. ఆయన బతికుండగానే ఆ వాక్యం కొట్టేసి తీసుకెళ్లి చూపించాలని ఏళ్ల తరబడి అనుకున్నాను. అనుకోవడానికేం, నోరు నొప్పి పుడుతుందా, కాలు నొప్పి పుడుతుందా!

కంప్యూటర్లు రాకముందు మా ప్రయోగశాలలో రికార్డింగంతా మసికాగితం మీదే జరిగేది. నున్నటి కాగితాన్ని గుండ్రంగా తిరిగే డ్రమ్ముకు చుట్టి, కిరసనాయిలు దీపం పొగ మీద తిప్పి మసి పట్టించాలి. మసి మందమైతే సూది కదలదు, పల్చనైతే గీత కనపడదు. బాబాయి పట్టించిన మసి మాత్రం ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఉండేది. సన్నటి సూది దాన్ని గీరుకుంటూ పోతే నల్లటి మీద తెల్లటి గీత పడుతుంది. ఆ కాగితాన్ని లక్క ద్రావణంలో ముంచి తీగ మీద ఆరేస్తే ఇక చెరగదు. ఆయన ముప్పై ఏళ్లు చేసిన పని ఇదే. కనుబొమ్మల్లో, చెవి మడతల్లో మసి. బాబాయి తుమ్మితే డ్రమ్ముకి వేరే పొగ అక్కర్లేదని మేం ఏడిపిస్తే, "మీ మార్కులకన్నా నా తుమ్మే నయం" అని తిప్పికొట్టేవారు.

నోరు పెద్దది. నేను కుందేలు పేగు ముక్కకు దారం కట్టడం మొదలుపెట్టిన రోజే నా పరువు తీశారు. "అమ్మాయిగారూ, అంత బిగించారేంటండీ? అది పేగండీ, గోనెసంచి మూతి కాదు." అని, నా చేతిలోంచి దారం లాక్కుని ముడి ఎలా వేయాలో చూపించారు. వేలెడు పొడవు పేగు ముక్కను గాజు గొట్టంలో వేలాడదీసి, గోరువెచ్చటి ఉప్పునీళ్లు పోసి, అడుగు నుంచి గాలి బుడగలు వదిలితే అది గంటల తరబడి బతికే ఉంటుంది. పైన కట్టిన దారం సూదికి తగిలించి ఉంటుంది. పేగు ముడుచుకున్నప్పుడల్లా డ్రమ్ము మీద సూది పైకి లేస్తుంది. ఒక మందు పరీక్ష అయ్యాక గొట్టం కడగాలి. బాబాయి ఐదుసార్లు కడిగేవారు. పైకి లెక్కపెట్టుకుంటూ కడిగేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు.

మన ఇష్టంతో పని లేకుండా పేగునీ, గుండెనీ, రక్తనాళాల్నీ నడిపే నరాలుంటాయి. పేగు దగ్గర అలాంటి నరం కొస నుంచి ఒక రసాయనం పడితే పేగు ముడుచుకుంటుంది. ఆ రసాయనం పనిచేయకుండా అడ్డుకునే మందు ఒకటుంది. అది వేశాక నరానికి కరెంటు ఇచ్చినా పేగు కదలకూడదు. మా గైడుగారు నాకిచ్చిన పని అది నిరూపించడమే. ఆయన అలాగే చదువుకున్నారు, అలాగే చెప్పారు, అలాగే రావాలి.

అడ్డుమందు వేశాను. కరెంటు ఇచ్చాను. పేగు కదల్లేదు. హమ్మయ్య అనుకుని డ్రమ్ము ఆపబోతే బాబాయి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆపకండి. కరెంటు ఇంకాస్త జోరుగా ఇచ్చి చూడండి."

"ఎందుకు బాబాయ్, అయిపోయిందిగా?"

"ఇందాక మీరు అటు తిరిగినప్పుడు కదిలిందండీ. నేను చూశాను. ఆగి పలుకుతోంది."

జోరుగా ఇచ్చాను. ఒకటి, రెండు, మూడు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత సూది మెల్లగా, బద్ధకంగా పైకి లేచింది. ఎప్పుడూ వచ్చే మొనదేలిన గీత కాదది. మెల్లగా ఎక్కి, మెల్లగా దిగిన గుండ్రటి గీత. బాబాయి మొహం వెలిగిపోయింది. "చూశారా? నోరు మూసేసినా ఇంకో నోటితో మాట్లాడుతోంది మహాతల్లి!" అన్నారు.

గైడుగారు కాగితం చూసి మొహం చిట్లించారు. "గొట్టానికి నిన్నటి మందు అంటుకుని ఉంది. నీ మసివాడు సరిగ్గా కడగలేదు." మురికి వల్లే అయితే కరెంటు ఇచ్చినప్పుడే ఎందుకొస్తుంది సార్ అని అడగాలి. పదో తరగతి పిల్లకైనా తట్టే ప్రశ్న. నాకూ తట్టింది. కాగితం తీసుకుని బయటికొచ్చేశాను.

ఆ మాట బాబాయికి చేరింది. వరండాలో నన్ను ఆపారు. అంత నోరున్న మనిషి గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదటిసారి.

"అమ్మాయిగారూ, నేను కడగడం మీరు చూశారు కదా?"

"చూశాను బాబాయ్."

"ఆ ముక్క సారుతో చెప్పండి, చాలు. ఇంకేం వద్దు నాకు."

చెప్తానన్నాను. చెప్పలేదు. మర్నాడు మళ్లీ ప్రయోగం పెట్టాం. ఈసారి ఆయన గొట్టం ఏడుసార్లు కడిగారు. లెక్క పైకే పెట్టారు, గైడుగారి గదికి వినపడేలా. అదే గీత మళ్లీ వచ్చింది, ఆగి, మెల్లగా. కాగితాన్ని లక్కలో ముంచేముందు బాబాయి గుండుసూదితో అంచున ఏదో గీశారు. నేను వంగి చూశాను. 'ఏడుసార్లు కడిగాను' అని ఉంది. గైడుగారు ఆ కాగితం ముట్టుకోనైనా లేదు. "మురికి అని రాసెయ్, లేదా మళ్లీ మొదటి నుంచి చేసుకో, రెండేళ్లు పడుతుంది" అన్నారు. నేను రాసేశాను. గీతను గ్రంథంలో అతికించేటప్పుడు బాబాయి రాసిన అంచు అడ్డమొచ్చింది. కత్తెరతో కత్తిరించి పారేశాను. నాకు డాక్టరేటు వచ్చింది.

ఆయన్ని ప్రయోగశాల నుంచి తీసేసి, విరిగిన స్టూళ్లూ పాత మైక్రోస్కోపులూ పడేసే గదికి పంపారు. దారిలో కనిపిస్తే "బాగున్నారా అమ్మాయిగారూ" అనేవారు, అంతే. తిట్టినా బాగుండేది. నాకే మొహం చెల్లక వేరే మెట్ల మీదుగా తిరిగేదాన్ని.

మూడేళ్లకు గ్రంథాలయంలో పాత పత్రికల కట్ట విప్పాను. నరం కొసల్లో రెండు రకాల కబుర్లుంటాయని అందులో ఉంది. ఒకటి చప్పున చేరేది, రెండోది నిదానంగా పనిచేసేది. ఆ రెండో రకం న్యూరోపెప్టైడ్లు. నరాన్ని జోరుగా కదిపితేనే అవి బయటికొస్తాయి, వచ్చాక కాసేపుంటాయి. మొదటిదానికి అడ్డం పెట్టినా వీటికి అడ్డు లేదు. పక్కనే బొమ్మ వేశారు. మసి బాబాయి కాగితం మీద చూసిన అదే గుండ్రటి గీత. మా గ్రంథాలయానికి చేరేసరికి ఆ పత్రిక పాతబడిపోయింది కానీ, మేం ప్రయోగం చేసేనాటికే అది అచ్చయి ఉంది. తల కొట్టేసినట్టయింది.

ఆ రోజే వెళ్లాల్సింది. వచ్చే వారం అనుకున్నాను. తర్వాత ఉద్యోగం, పిల్లలు, పదోన్నతి. పంతొమ్మిదేళ్లు. ఏటా ఆ పాఠం నేనే చెప్పాను, అందరికీ అర్థమయ్యేలా చెప్పానని పేరు కూడా తెచ్చుకున్నాను. సిగ్గు లేకపోతే సరి!

ఈ ఏడు ఆ పాఠం అయ్యాక ముందు వరస అమ్మాయి ఒకతె లేచింది. "మేడమ్, లైబ్రరీలో మీ థీసిస్ చూశాను. ఈ గీత అందులో ఉంది. సహాయకుడు సరిగ్గా కడగలేదని రాశారు. ఆయన కడిగే ఉంటారు కదా మేడమ్?"

"కడిగారు" అన్నాను. తరగతి వదిలేశాను. గ్రంథాలయానికి వెళ్లి నూట పన్నెండో పేజీలో ఆ వాక్యం కొట్టేశాను. పక్కన 'సహాయకుడు గొట్టం శుభ్రంగా కడిగారు. నేను చూశాను. ఫలితం నిజం' అని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీకి జిరాక్సు తీసుకుని, ఆఫీసులో చిరునామా కనుక్కుని బయల్దేరాను.

సైకిల్ షాపు పైన రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది ఆయన భార్య. నల్లపూసలంత చిన్న కళ్లు, చురుకైన మనిషి. బాబాయి ఉన్నారా అని అడిగాను.

"ఎనిమిది నెలలైంది పోయి" అంది. "నువ్వెవరమ్మా?"

పాత శిష్యురాలినని చెప్పాను. లోపల కూర్చోబెట్టింది.

"ఎలా పోయారు పిన్నీ?"

"షుగరు. లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. పడుకుంటే బానే ఉండేవారు. కుళాయి దగ్గర కూర్చుని గిన్నెలు కడిగి లేచారు, అలాగే పడ్డారు. తల గచ్చుకి తగిలింది." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను కడుగుతా మొర్రో అన్నా వినేవారా? ఉద్యోగం చివర్లో ఎవరో కడగడం రాదన్నారట. అప్పట్నుంచి ఇంట్లో ఏ గిన్నైనా ఏడుసార్లు. లెక్క తప్పితే మళ్లీ మొదలు. నాకూ అదే అలవాటు చేసి పోయారు."

లేవగానే కాళ్లలోకి జారే రక్తాన్ని పైకి తొయ్యాల్సిన నరాలు షుగరు వల్ల దెబ్బతింటాయి. ఏటా చెప్పే పాఠమే అది కూడా. ఆయన్ని ఆ కుళాయి దగ్గర కూర్చోబెట్టింది నేనే.

ఆవిడ పెట్టెలోంచి పాత పుస్తకం తెచ్చి అందులోంచి ఒక కాగితం ముక్క తీసింది. "మీ కాలేజీదేనట. ఏంటో చెప్పలేదు, పారెయ్యొద్దన్నారు." వేలెడు వెడల్పు నల్లటి ముక్క. మసి మీద తెల్లటి అక్షరాలు. 'ఏడుసార్లు కడిగాను.' ఒక పక్క నా కత్తెర వంకర ఇంకా అలాగే ఉంది. చెత్తబుట్టలోంచి ఏరుకుని ఉంటారు.

అంతా చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆ వాక్యం రాసింది నేనని, ఆయన చూసింది నిజమని, మూడేళ్లకే నాకు తెలిసిందని చెప్పి జిరాక్సు కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ చదివింది. తిట్టలేదు. నేను మంచినీళ్లు తాగిన గ్లాసు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది.

"ఒకటి... రెండు..."

"వద్దు పిన్నీ" అన్నాను. "ఒక్కసారి చాలు. ఆయన ఎప్పుడూ శుభ్రంగానే కడిగారు."

ఆవిడ కుళాయి కట్టలేదు. "నాకు తెలుసు తల్లీ" అంది. "ఈ మాట ఆయనకి చెప్పాల్సింది."

మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.