జరాగు అనే ఖాళీ మాట

మా వరంగల్లులో ఆ రోజుల్లో ఏది ఆగిపోయినా ముందు కరెంటును తిట్టేవాళ్లం. పిండిమర ఆగినా, సినిమా మధ్యలో తెర నల్లబడినా, పెళ్లిలో మైకు మూగబోయినా తప్పు కరెంటుదే. చాలాసార్లు అది నిజమే కాబట్టి ఆ అలవాటు పోలేదు. ఆ అలవాటే ఒకసారి నా ఉద్యోగాన్ని ముంచబోయింది. దాన్ని ఒడ్డుకు చేర్చింది ఒక ఖాళీ మాట. ఆ మాటను రాసిన మనిషికీ, దాన్ని చెరిపెయ్యకుండా నన్ను ఆపిన మా నాన్నకూ నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటూనే ఉంటాను.

ఎనభైల నడుమ సంగతి ఇది. మా ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో ఒక ప్రాజెక్టు నడిచేది. మన దేశంలోనే తయారైన ఒక చిన్న కంప్యూటర్ మీద ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిలబెట్టాలి. దానికి గుండెకాయలాంటి భాగాన్ని కెర్నల్ అంటారు. డిస్కుతోనూ, తెరా కీబోర్డూ ఉండే టెర్మినల్‌తోనూ నేరుగా మాట్లాడేది అదే. దాన్ని మేము సి భాషలో రాస్తే, కంపైలర్ అనే మరో ప్రోగ్రాం యంత్రానికి అర్థమయ్యే అంకెల్లోకి దించేది. ఆ మిషన్ ఉన్న ఏసీ గదిలోకి చెప్పులు బయట విడిచే వెళ్లాలి. గుడికీ చర్చికీ దక్కే మర్యాద దానికీ దక్కేది. ఎండాకాలంలో ఊరంతా ఉడికిపోతుంటే మేము మాత్రం స్వెట్టర్లు వేసుకుని కూర్చునేవాళ్లం.

నాది టెంపరరీ పోస్టు. నాకు ముందు ఆ కుర్చీలో ఒక అన్న ఉండేవాడు. నర్సంపేట దగ్గర రైతుల బిడ్డ. కెర్నల్‌లో సగానికి పైగా ఆయన చేతి రాతే. పోస్టు పర్మనెంటు అయ్యే దారి కనబడక, బ్యాంకు పరీక్ష రాసి నర్సంపేట బ్రాంచిలో క్లర్కుగా చేరిపోయాడు. పోయేముందు కొన్ని వారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా చూపించాడు. నేను ఒకటే ప్రశ్న పదిసార్లు అడిగే రకం. పదోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవాడు.

ఆయన రాసిన కెర్నల్ తెరిస్తే మొదటి ఫైలు నిండా మాక్రోలు ఉండేవి. ఫలానా మాట కనబడితే దాని బదులు ఫలానాది పెట్టుకో అని కంపైలర్‌కు ముందే చెప్పి ఉంచడమే మాక్రో. కంపైలర్లన్నీ ఒక్క తీరుగా ఉండవు కాబట్టి, ఈ కంపైలర్ అయితే ఇది, ఆ కంపైలర్ అయితే అది అని వేరువేరుగా రాసి పెట్టుకోవాలి. ఆ మాక్రోల్లో ఒకదానికి ఆయన పెట్టిన పేరు జరాగు. కాస్త ఆగు అనడానికి మనం అనే జర ఆగే, అచ్చంగా, ఇంగ్లీషు అక్షరాల్లో. దాని బదులు ఏం పెట్టాలయ్యా అంటే, ఏమీ లేదు. ఖాళీ. డిస్కు సంగతి వచ్చిన ప్రతిచోటా జరాగు, టెర్మినల్ సంగతి వచ్చిన ప్రతిచోటా జరాగు. కంపైలర్ దాన్ని చూసి, తుడిచేసి, ముందుకు పోయేది. ల్యాబులో అందరూ నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

ఆ ఏడాది నాకు కూడా బ్యాంకు ఉద్యోగం వచ్చింది. స్టేషన్ ఘన్‌పూర్ బ్రాంచి. మా నాన్న కాజీపేటలో ప్యాసింజర్ బండ్ల డ్రైవరు. ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

“మన బండ్లనే పొయ్యి మన బండ్లనే రావొచ్చు బిడ్డా. పర్మనెంటు కొలువు. ఇంకేం గావాలె?”

“నాకు ఆ మిషన్ గావాలె నాయినా.”

“మిషన్ ఉంటది. నిన్ను ఉంచుతరా?”

హైదరాబాదు నుంచి కమిటీ వచ్చి చూసి, కెర్నల్ నడిస్తే ప్రాజెక్టు పొడిగిస్తారు, నేను ఉంటాను. నడవకపోతే గదికి తాళం పడుతుంది, నేను బ్యాంకులో చేరతాను. కమిటీ వచ్చే రోజుకు మర్నాడే బ్యాంకులో చేరాల్సిన రోజు. మా అమ్మ చర్చిలో స్త్రీల కూడికలో నా మిషన్ కోసం ప్రార్థన చేయించింది. ఏ మిషనో తెలియక ఒకావిడ కుట్టుమిషన్ అనుకుని మరీ గట్టిగా ప్రార్థించిందట.

సరిగ్గా అప్పుడే కొత్త కంపైలర్ టేపు వచ్చింది. చాలా తెలివైనదని పేరు. మనం వంకరటింకరగా రాసినా అనవసరమైనవి తీసేసి, ప్రోగ్రాం వేగంగా నడిచేట్టు చేస్తుంది. కమిటీకి దానితోనే చూపించాలని ప్రాజెక్టు నడిపే మా సారు పట్టుదల. దానితో కెర్నల్ తయారు చేసి మిషన్‌లో ఎక్కించాం. డిస్కు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఎక్కించాం. మళ్లీ అక్కడే ఆగిపోయింది.

ఇంకేముంది, కరెంటును తిట్టాం. వోల్టేజి పడిపోతోందన్నారు. స్టెబిలైజర్ మార్చారు. ఎర్తు సరిగా లేదని కిటికీ కింద గుంట తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోసి నీళ్లు పట్టించారు. ఎర్తు బ్రహ్మాండంగా కుదిరింది. కెర్నల్ మాత్రం కదల్లేదు.

ఇటు కమిటీ రాక కోసం ఊడ్చడాలు, సున్నాలు కొట్టడాలు మొదలయ్యాయి. సర్కారు కాలేజీల్లో ఇన్‌స్పెక్షన్ అంటే ముందు సున్నమే. మా సారు మంచి మనిషి, కోస్తా నుంచి వచ్చినవాడు. గోడలతో ఆగలేదు.

“ఏమ్మా, కోడ్ కూడా శుభ్రం చెయ్యి. ఈ జరాగులన్నీ తీసెయ్. పనీ పాటా లేని మాటలు. కమిటీవాళ్లు చూస్తే నవ్వుతారు.”

“సరే సార్” అన్నానే గానీ చెయ్యి రాలేదు. ఇంటికి పోయి నాన్న ముందు ఊరికే సణిగాను. పని లేని మాటలట, తీసెయ్యాలట అని.

నాన్న అన్నం తింటూ, “మన ఘన్‌పూర్ తొవ్వల బోర్డు యాదికున్నదా?” అన్నాడు.

యాదికి లేకేం. డెబ్భైల్లో, నేను బళ్లో చదివే రోజుల్లో, ప్యాసింజర్‌లో అమ్మమ్మ ఇంటికి పోతుంటే పట్టాల పక్కన పసుపుపచ్చ బోర్డులు కనబడేవి. వాటి మీద ఏముందో చదివినా అర్థం కాదు. నాకు కాదు అది, డ్రైవరుకు. ముందర గేటు ఉంది, విజిల్ కొట్టు అని. బండిలో కూర్చున్నవాళ్లకు దానితో పని లేదు. ఆ మాట అప్పుడు చెప్పింది కూడా నాన్నే.

“ఆ గేటు ఎత్తేసిన్రు, రోడ్డు మలిపిన్రు. బోర్డు మాత్రం ఉన్నది. నేను ఇప్పటికీ విజిల్ కొడుతాన. ఎందుకు? గది పెట్టినోడు ఏం జూసి పెట్టిండో నాకెరుక లేదు. ఎరుక లేంది పీకొద్దు బిడ్డా. నీ ఆ మాటలు పెట్టినోడు బతికే ఉన్నడు గద, పొయ్యి అడుగరాదు?”

నా బ్యాంకు కొలువు కోసం అంత ఆశపడుతున్న మనిషి చెప్పిన మాట అది. ఆ ముక్క చెప్పకుండా అన్నం తిని చెయ్యి కడుక్కుని ఉంటే, ఆయన కోరుకున్నట్టే జరిగేది. నాకు ఆ ఆలోచన చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. వచ్చినప్పుడు కళ్లనీళ్లు ఆగలేదు.

మర్నాడే నర్సంపేట బస్సెక్కాను. పత్తి అమ్ముకునే రోజులు. బ్యాంకు నిండా రైతులే. అన్న కౌంటర్ వెనక పాస్‌బుక్కులు రాస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు గానీ చేతిలో కలం మాత్రం ఆపలేదు. “రా చెల్లె, చెప్పు, నేను వింటాన” అని రాస్తూనే ఉన్నాడు. నేను కౌంటర్‌కున్న ఇనుప జాలీలోంచి చెప్పడం, ఆయన పాస్‌బుక్కు అందించడం, ఇంకొకటి అందుకోవడం. ఒక్క రైతును కూడా నా కోసం నిలబెట్టలేదు.

అంతా విని, “స్టెబిలైజర్ మార్చిన్రా?” అన్నాడు.

“మార్చినం. గుంట గూడ తవ్విపిచ్చినం.”

గట్టిగా నవ్వాడు. “కరెంటు గాదు చెల్లె. కొత్తది తెలివిగల్లది అన్నవు గద? మన కెర్నల్ డిస్కును ఏమని అడుగుతది? అయిందా, అయిందా అని అడుగుతనే ఉంటది. ఆ జవాబు మార్చేది డిస్కు, మన ప్రోగ్రాం గాదు. ఆ సంగతి కంపైలర్‌కు ఎర్క లేదు. మీరెవ్వరు మార్చలే గద, మల్ల మల్ల సూసుడెందుకు అని ఒక్కసారే సూసి, అదే జవాబు పట్టుకొని కూసుంటది. డిస్కు అయింది అన్నా ఇనదు.”

“మరేం జెయ్యాలె?”

“నా జరాగులు పీకేసిన్రా?”

“లేదన్నా. ఒక్కటి గూడ పీకలే.”

“ఇగ ఫికర్ లేదు. గీడ ఆగు, సొంతంగ ఊహించకు, ప్రతిసారి పొయ్యి సూడు అని చెప్పే మాట కొత్త కంపైలర్ల ఏదో ఉంటది. మాన్యువల్ల దేవులాడు. మొదటి ఫైల్ల జరాగు పక్కన ఆ మాట పెట్టు. ఒక్కకాడ పెడితే అన్నికాడ పెట్టినట్టే.”

“నువ్వు రాసిన్నాడు అసొంటి కంపైలరే లేకుండె గద. ఎందుకు రాసినవ్?”

“మొద్దోడు చెప్పినట్టు చేస్తడు. తెలివిగల్లోనికే ఎక్కువ చెప్పాలె. ఎన్నడన్న ఒకడు వస్తడనుకున్న. అప్పటికి నేనుండనని మాత్రం అనుకోలే.” ఆ మాట కూడా రాస్తూనే అన్నాడు.

మాన్యువల్‌లో ఆ మాట దొరికింది. మొదటి ఫైలులో ఒక్క వరుస మార్చాను. రెండు చోట్ల అన్న కూడా మరిచిపోయాడు, అక్కడ నేనే జరాగు పెట్టాను. నా చేత్తో రాసిన మొదటి జరాగులు అవే. మళ్లీ కంపైల్ చేసి మిషన్‌లో ఎక్కించాను. కెర్నల్ డిస్కు దగ్గరికి వచ్చి ఆగింది. ఇక అయిపోయింది అనుకున్నాను. డిస్కు కిర్రుమంది. తెర మీద కెర్నల్ పలకరించింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా సారు గదికి పరుగెత్తాను.

కమిటీ వచ్చింది, చూసింది. అందులో ఒక పెద్దాయన కోడ్ తిరగేస్తూ, ఈ జరాగు ఏమిటి అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా సారే అందుకున్నాడు. “మా వరంగల్ మాటండీ. చాలా ముఖ్యమైన మాట” అన్నాడు, తానే పెట్టించినట్టు. నాకు కోపం రాలేదు. నవ్వొచ్చింది, పైగా ఆయన మీద ప్రేమ కూడా కలిగింది. ప్రాజెక్టు పొడిగించారు. ఆ సాయంత్రం నాన్న బ్యాంకు ఆర్డరును మడిచి బీరువాలో పెట్టేశాడు. “నీ మిషన్ నిన్ను ఉంచుకున్నది” అని మాత్రం అన్నాడు. నేను చేరాల్సిన రోజు ఆయన ఒక్కడే ఘన్‌పూర్ మీదుగా బండి నడుపుకుంటూ పోయాడు.

ఆ వారంలోనే మళ్లీ నర్సంపేట పోయాను. అదే కౌంటర్, అదే రద్దీ. అన్న తలెత్తకుండానే అడిగాడు.

“ఏమైంది చెల్లె? ఆగిందా?”

“ఆగిందన్నా. డిస్కు వచ్చిందాక ఆగి, ముందటికి పోయింది.”

“ఎవలు రాసిన్రని అడిగిన్రా?”

“ఎవ్వలు అడగలే. అయినా అందరు పోయేటప్పుడు నేనే చెప్పిన. ఇది రాసింది మా అన్న, నర్సంపేటల ఉంటడు అని.”

జాలీలోంచి ఒక ముసలి రైతు పాస్‌బుక్కు లోపలికి తోశాడు. అన్న చెయ్యి దాని మీదికి పోయి, అక్కడే నిలిచిపోయింది. కలం కింద పెట్టాడు. కళ్లద్దాలు తీశాడు.

“జరాగు, పెద్దయ్యా” అన్నాడు.