నేను తీయని ఎక్స్‌రే

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. తిరుపతిలో ఒక స్కాన్ సెంటర్‌లో పన్నెండేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. రోజూ ఎముకలు చూసేవాడికి ఇంకేం భయం అనుకునేవాణ్ణి. ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. భయపడి కాదు, సిగ్గుపడి.

కాణిపాకం దగ్గరి పల్లె నుంచి ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు. పేరు పల్లవి, పద్నాలుగేళ్లు, పరుగు పందేల పిల్ల. పరుగు అందుకోగానే ఎడమ తుంటి దగ్గర టప్పుమందట.

ఎదిగే పిల్లల్లో కండ గట్టిగా లాగితే, అది అతుక్కున్న చోట ఎముక ముక్క ఊడొస్తుంది. కానీ ఆ వయసులో ఎముక పెరిగే చోట మామూలుగానే ఒక గీత ఉంటుంది. ఏది గీతో ఏది పగులో తేలాలంటే బాగున్న పక్క కూడా తీసి పోల్చాలి. నాకది బాగా తెలుసు. కానీ బయట జనం కిక్కిరిసి ఉన్నారు. అద్దం వెనక నిలబడి ఒక్కసారి బటన్ నొక్కాను, అంతే.

మా దగ్గర జనం డాక్టరు రాసే రిపోర్టు దాకా ఆగరు, తీసినవాణ్ణే అడుగుతారు.

"ఏమన్నా ఉండాదా సామీ?" అన్నాడు తండ్రి.

"ఏమీ లేదప్పా, నరం పట్టుకోనుండాది. పరిగెత్తొచ్చు" అన్నాను.

వాళ్లు రిపోర్టుకు మళ్లీ రాలేదు.

మూడు వారాలకు పల్లవిని మోసుకొచ్చారు. జిల్లా సెలక్షన్లలో పరిగెత్తి పడిపోయింది. ముక్క పూర్తిగా ఊడింది. డాక్టరు పాత ఫిల్ము కంప్యూటర్‌లో తెరవమన్నాడు. తెరిస్తే రెండున్నాయి. ఎడమ పక్కది, కుడి పక్కది, ఒక్క నిమిషం తేడాతో.

పక్కపక్కన పెడితే పగులు ఎవరికైనా కనిపిస్తుంది. కుడి పక్కదాని అంచున, కాలు పట్టుకున్న వేళ్ల ఎముకలున్నాయి. చిటికెన వేలు వంకర. నాదీ అంతే, చిన్నప్పుడు కబడ్డీలో విరిగి అలాగే అతుక్కుంది.

"రెండు పక్కలా తీసినావు, మంచి పని" అన్నాడు డాక్టరు.

"అవును సార్" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

బల్ల మీద పడుకున్న పల్లవి అంది. "రెండోతూరి తీసేటప్పుడు ఈ అన్నే నా కాలు కదలకుండా పట్టుకున్నాడు సార్." తర్వాత నావైపు తిరిగింది. "అంతా సూసినావు కదన్నా. మరి ఏమీ లేదని ఎందుకు చెప్తివి?"

పల్లవి ఇప్పుడు నడుస్తోంది, పరిగెత్తడం లేదు. ఆ రెండో ఫిల్ము ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఆ పిల్ల అడిగినదానికి జవాబు మాత్రం నాకు తెలుసు. అదే ఆమెకు చెప్పలేకపోయాను.