ఏరియేటర్లు ఆగిన వేళ

తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కేసరికి మధ్యాహ్నం పన్నెండు. ఇస్త్రీ పంచె, లాల్చీతో బయలుదేరాను. వెళుతున్నది సినిమాకే అయినా, పిలుపు అందుకున్నవాడిగా వెళుతున్నాను.

దర్శకురాలు సునందగారి మొదటి సినిమాను ఏలూరులో ఎవరూ వేసుకోలేదు. మా నాన్నగారు గూడెంలోని మా హాల్లో వేశారు. జనం సగంలోనే లేచిపోయారు. అయినా వారం ఆడించారు. ఆ ఏడే హాలు అమ్మేశాం. ఆ సినిమాయే ముంచిందని ఊరు నవ్వింది. ఆవిడ మాత్రం పెద్ద నటులెవరూ లేకుండా, చెరువుల మీద బతికేవాళ్ళతోనే మరో మూడు తీశారు. నాలుగోదానికి దేశంలోనే పెద్ద అవార్డు వచ్చింది. దాన్ని ముందుగా కైకలూరు దగ్గర తన సొంత ఊళ్ళో వేస్తూ నన్నూ పిలిచారు. నాన్నగారు పొరబడ్డారో లేదో నా కళ్ళతో తేల్చుకోవాలి.

ఎదుటి సీటాయన రొయ్యల మేత వ్యాపారి. మాటల్లో మా హాలు సంగతి చెప్పాను. "మీ హాలు తెలుసండీ. మా మేత బస్తాలు అక్కడే దింపుతాం. ఎలకలు లేవు, మంచి గోడౌనండీ!" అన్నాడు.

"బాల్కనీ ఉండేది," అన్నాను, ఇంకాస్త నిటారుగా కూర్చుని.

ఏలూరులో రెండింటికి కైకలూరు బస్సు. వెళ్ళేవారు ఏలూరులోనే భోంచేయండి. నేను చేరేసరికి కైకలూరు హోటల్లో చేపల పులుసు అయిపోయి, సాంబారు మిగిలింది. అక్కణ్ణుంచి సునందగారి ఊరికి ఆటో.

రొయ్యల పట్టుబడి అయి, నీళ్ళు తోడేసి ఎండిన చెరువులోనే జనం చాపలు పరిచారు. గట్టు మీద తెర. నాకు కుర్చీ వేశారు. చీకటి పడగానే సినిమా మొదలైంది. తెర మీద రొయ్యల చెరువు, నీళ్ళు చిలికి రొయ్యకు గాలి అందించే ఏరియేటర్ల హోరు. ఎవరూ కదల్లేదు. కథలో కరెంటు పోయింది. హోరు ఠక్కున ఆగింది.

మగవాళ్ళంతా ఒక్కసారి లేచి, చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తారు. సునందగారి ముఖం పాలిపోయింది. మళ్ళీ అదే, సగంలోనే.

"ఎక్కడికండీ?" అని అరిచాను.

"జనరేటరెయ్యాలండీ! రొయ్య చచ్చిపోద్ది!"

కాసేపటికి ఒక్కొక్కరే నవ్వుకుంటూ తిరిగొచ్చారు. "మన చెరువుల్లో ఏరియేటర్లు బాగానే తిరుగుతున్నాయిరా! ఏవమ్మా సునందా, గుండాగిపోయింది! మళ్ళీ మొదట్నుంచీ వెయ్యి." మళ్ళీ వేశారు. చివరిదాకా ఒక్కరూ లేవలేదు. చప్పట్లకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

"ఆ వారం మీ నాన్నగారు రోజూ ముందు వరసలో కూర్చున్నారండీ," అన్నారు సునందగారు. "ఒక్కనాడూ సగంలో లేవలేదు. ఆయన్ని చూసే రెండోది తీశాను."

కుర్చీలోంచి లేచి నమస్కరించాను.

ఆ రాత్రి కైకలూరు లాడ్జిలో పడుకుని, పొద్దున్న బస్సుకు ఏలూరు, అక్కడ రైలెక్కి గూడెం చేరాను. హాలు అమ్మినప్పట్నుంచీ ఆ వీధి ముఖం చూడలేదు. ఎప్పుడూ చుట్టూ తిరిగి ఇంటికి పోతాను. ఈసారి ఆటో అబ్బాయితో, "హాలు వీధిలోంచి పోనివ్వు," అన్నాను.

"ఏ హాలండీ? అక్కడుంది మేత గోడౌను కదా?"

"సునందగారి మొదటి సినిమా ఆడిన హాలు," అన్నాను. "మెల్లగా పోనివ్వు."