అక్క గీసిన రిమోట్

పోయిన ఆదివారం తిరుపతిలో మా ఇంటి ముందుగదిలో మా అబ్బాయీ, వాడి స్నేహితులిద్దరూ కూర్చుని, కొత్తగా రాబోయే వీడియో గేముల గురించీ, వాటిని ఆడే కంట్రోలర్ గురించీ వాదించుకుంటూ ఉంటే, ఒక బటన్ కాస్త పైన ఉండాలా కింద ఉండాలా అన్నదానికి ఇంత పట్టుదలా అని నా భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అచ్చం ఆ వాదనే నేనూ మా అక్కా చిత్తూరులో, కోర్టు వెనక వీధిలోని అద్దె ఇంట్లో, ఎన్ని మధ్యాహ్నాలు చేసుకున్నామో!

మీరూ తొంభైల్లో పెరిగినవాళ్లే అయితే టీవీకి తగిలించుకునే ఆ గేమ్ డబ్బా గుర్తుండే ఉంటుంది. మాకు దాన్ని మామ మద్రాసు నుంచి తెచ్చిచ్చాడు. చేత్తో పట్టుకునేదాన్ని మేము రిమోట్ అనేవాళ్లం. ఎడమవైపు కూడిక గుర్తులాంటి బటన్, కుడివైపు రెండు ఎర్ర బటన్లు, అరచేతిలో గుచ్చుకునే మూలలు. నాకంటే నాలుగేళ్లు పెద్దదైన అక్క ఆటలో నాకు అందేది కాదు. "దీన్ని చేసినోడు ఒక్కసారన్నా పట్టుకోని సూసినాడా?" అని విసుక్కుంటూ నోటుపుస్తకం చివరి పేజీల్లో గుండ్రటి రిమోట్లు గీసేది. మామ తెచ్చే పాత ఇంగ్లీషు పత్రికల్లో రాబోయే ఆటల బొమ్మలు చూసి, మేమెన్నటికీ ఆడబోని వాటిలో ఏది గొప్పదో తేలక అన్నం దగ్గర కూడా పోట్లాడుకునేవాళ్లం.

నాకు పదమూడో ఏడు నడుస్తుండగా అక్క ఓడిపోవడం మొదలైంది. దూకాల్సిన చోట ఆమె బొటనవేలు జారిపోయేది. ఎన్నాళ్లకో గెలుస్తున్న సంబరంలో నాకదేమీ పట్టలేదు. ఒకరోజు రిమోట్ లాక్కుని, "నీకింక చేతకాదులే, ఇటియ్యి" అన్నాను. ఆమె తన వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది. నెల తిరక్కుండానే అన్నం ముద్ద కూడా చేతిలో నిలవకపోతే, కోర్టులో టైపిస్టుగా చేసే నాయన ఆమెను వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. కండరాలు ఒక్కొక్కటే బలం తప్పే జబ్బన్నారు. మందు లేదన్నారు.

అక్క ఆట మాత్రం మానలేదు. రిమోట్‌ను బల్ల మీద పెట్టి అరచేతి అంచుతో నొక్కేది. ఒకటి నొక్కబోతే రెండూ పడేవి. నేను పదో తరగతి పాసైన వేసవిలో వంకర గీతలతో ఇంకో బొమ్మ గీసింది. వెడల్పాటి చెక్క, దానిమీద దూరదూరంగా సాసర్లంత బటన్లు. ఇట్లాంటిది చేసిస్తావా అని అడిగింది. చేస్తానన్నాను.

తర్వాత నేను తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరాను. క్లాసులవగానే గేమ్ పార్లరుకు పోయి, బొటనవేళ్లతో తిప్పే రెండు పుల్లలున్న కొత్త కంట్రోలర్ పట్టుకుని, దాని గొప్పతనం గురించి స్నేహితులతో గంటలకొద్దీ మాట్లాడేవాణ్ణి. ఇంటి నుంచి అక్క చెబితే నాయన టైపు చేసిన ఉత్తరాలు వచ్చేవి. ప్రతి ఉత్తరం చివరా చెక్క ఎంతవరకు వచ్చిందని ఒక ప్రశ్న ఉండేది. పరీక్షలు అయిపోనీ అని రాసేవాణ్ణి. అలా రెండేళ్లు గడిచాయి. కాలింగ్ బెల్ స్విచ్చులు, వాటిమీదికి ప్లాస్టిక్ మూతలు, నాలుగు తీగలు. మూడు సాయంత్రాల పని అని చేశాకే తెలిసింది.

దసరా సెలవులకు ఆ చెక్కను ఒళ్లో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. అక్క మంచం మీద చెక్క పెట్టి, ఆమె చెయ్యెత్తి బటన్ మీద ఉంచాను. ఆమె కళ్లు టీవీ మీదే ఉన్నాయి, పెదవి బిగించింది, చెయ్యి మాత్రం కదల్లేదు. మళ్లీ సర్ది పెట్టాను. నాయన చూడలేక వీధిలోకి వెళ్లిపోయాడు.

"బటన్లు బాగుండాయిరా. నా చెయ్యే రాలేదు," అంది అక్క.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నువ్వాడు, నేను చెప్తానంది. ఆ సెలవులన్నీ ఆమె ఎగురు అన్నప్పుడల్లా నేను ఎగిరాను. ఆ తర్వాతి వేసవిలో, మండీలకు మామిడికాయల లారీలు వచ్చే రోజుల్లో, అక్క పోయింది.

ఇప్పుడు వేళ్లు పనిచెయ్యనివాళ్ల కోసం పెద్ద బటన్ల కంట్రోలర్లను కంపెనీలే తయారుచేస్తున్నాయి, అడిగితే ఇంటికే పంపుతున్నాయి. మంచిదే, అక్కలాంటి పిల్లలు ఇక ఎవరి సెలవుల కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఆ రోజుల్లో చిత్తూరులో ఏదీ దొరికేది కాదని మన వయసువాళ్లం ఇట్టే చెప్పేసుకుంటాం. కానీ అక్కకు కావలసినవన్నీ బజారువీధిలోని కరెంటు సామాన్ల అంగడిలో దొరికేవి. ఆమె అడిగినప్పుడే నేను చేసి ఉంటే, చెయ్యి పూర్తిగా పడిపోయేలోగా ఇంకో రెండేళ్లు ఆడుకుని ఉండేది.