ప్రస్తుతానికి వదిలేసిన లింకు

ఉపేంద్ర ఏం పని చేస్తాడో పరాయి దేశపు ఊరు గంగాలిన్‌లోని తెలుగువాళ్లలో సగంమందికి ఇప్పటికీ అర్థం కాదు. ఒక ప్రభుత్వ శాఖ వెబ్‌సైటులో నాలుగువేల లింకులున్నాయి. నొక్కితే పేజీ తెరుచుకుంటోందా లేదా అని ఒక ప్రోగ్రామ్ రోజూ పొద్దున్నే వాటన్నిటినీ చూసుకొస్తుంది. బాగున్నవాటికి పచ్చ, తెగినవాటికి ఎరుపు. ఆ ప్రోగ్రామ్‌ను రాసిందీ, సాకుతున్నదీ ఇతనే. ఒంగోలు మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి, పుట్టు భయస్తుడు. ఈ పనిలో ఆ భయమే అతనికి అన్నం పెట్టింది.

భయస్తుడే గానీ గొప్పలకు తక్కువేం లేదు. దీపావళి భోజనాల దగ్గర పులిహోర ప్లేటు పట్టుకుని, ఊరి బయట ఐదెకరాల్లో ఇల్లు కట్టుకున్న రాజారావు అంకుల్‌కీ రత్నకుమారి ఆంటీకీ అడక్కుండానే హామీ ఇచ్చేశాడు.

"బుష్‌ఫైర్ వచ్చి అడవి తగలబడితే ఎక్కడికెళ్లాలో మా సైట్‌లో ఉంటది ఆంటీ. రోజూ చెక్ చేసేది నేనేగా! మీరు హ్యాపీగా ఉండండి."

చిక్కంతా ఆ పేజీతోనే వచ్చింది. మంటలు లేని రోజుల్లో అందులో 'సారీ, ప్రస్తుతం శిబిరాలేవీ తెరవలేదు' అని ఉండేది. తెగిన లింకు నొక్కినా 'సారీ' అనే వస్తుంది కాబట్టి, ఆ మాట కనబడితే చాలు, లింకు తెగిందనుకుని ప్రోగ్రామ్ ఎరుపు చూపించేది. రోజూ 'నాన్నా పులి' గోలే. టీమ్ లీడ్ చైత్ర, వరంగల్ పిల్ల, విసుక్కుంది.

"ఏందన్నా, ఆ ఒక్కటి డైలీ రెడ్ వస్తది? మీటింగ్‌ల నన్ను అడుగుతున్నరు."

సరిగ్గా బాగుచేయాలంటే అరపూట పని. ఆ లింకును చూడొద్దని చెప్పడానికి ఒక్క లైను చాలు. ఉపేంద్ర ఆ లైనే రాసి, పక్కన 'ప్రస్తుతానికి' అని చేర్చాడు. తర్వాత దాని సంగతే మరిచిపోయాడు.

జనవరిలో ఓ శుక్రవారం. అక్కడ అది నడివేసవి, నలభై డిగ్రీల ఎండ. రిపోర్టంతా పచ్చగా ఉంది. మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"ఉపేంద్రా, కొండ వెనక పొగ కనపడతా ఉంది నాయనా. మీ పేజీ నొక్కితే సారీ అని వస్తా ఉంది, ఇంకేం లేదు. కాసేపుంటే వస్తదా?"

రత్నకుమారి ఆంటీ గొంతులో కంగారు లేదు. అందుకే అతనికి మరింత భయం వేసింది.

నొక్కి చూశాడు. 'సారీ, మీరు వెతికే పేజీ ఇక్కడ లేదు.' డిసెంబరులో సైటు కొత్తగా మార్చినప్పుడు పేజీ చిరునామా మారింది, పాత లింకు అలాగే ఉండిపోయింది. ఈసారి పులి నిజంగానే వచ్చింది. అరవాల్సిన నోరు మాత్రం తనే ఎప్పుడో మూసేశాడు.

కొత్త పేజీ వెతికి పట్టుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"ఆంటీ, షోగ్రౌండ్ హాల్‌లో శిబిరం తెరిచారు, అక్కడికి వెళ్లండి. హైవే మూసేశారు, పాత బ్రిడ్జి మీదుగా పోండి. ఇప్పుడే! ఏమీ సర్దుకోవద్దు."

"అట్నే నాయ..." లైన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

లింకు మార్చే అధికారం అతనికి లేదు. చైత్రకు చెబితే ఆ లైను రాసిందెవరో బయటపడుతుంది, కాంట్రాక్టు పొడిగించేది సోమవారం. ఆ క్షణంలో అది గుర్తొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి చైత్ర దగ్గరికి వెళ్లాడు.

"ఆ లింకు తెగింది చైత్రా. ప్రోగ్రామ్‌ను చూడనివ్వకుండా ఆపింది నేనే."

చైత్ర వెంటనే ఫోన్ అందుకుని లింకు మార్చేవాళ్లకు చెప్పింది. పది నిమిషాల్లో లింకు సరయింది. పొద్దుటినుంచి ఆఫీసు బయటివాళ్లు ఎంతమంది నొక్కారో లెక్క తీసి అతని తెరమీద పెట్టింది. ముప్పై ఏడుగురు.

మూడు గంటలపాటు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆరింటికి ఆంటీయే చేసింది.

"హాల్లో ఉన్నాం నాయనా. పక్కింటోళ్లు పొద్దున్నే బయల్దేరతా మమ్మల్నీ రమ్మన్నారు. ఎక్కడికెళ్లాలో ఉపేంద్ర వాళ్ల పేజీలో పడ్డాక పోదాంలే అన్నాడు మీ అంకుల్. నువ్వు రోజూ చూస్తావు గదా!"

తెరమీద ముప్పై ఏడు అలాగే ఉంది. వాళ్లలో ఒకరు ఆంటీ. మిగతా ముప్పై ఆరుగురి దగ్గరా అతని ఫోన్ నంబరు లేదు.