చెరిగిపోయిన కేసెట్టు

వాన పడ్డప్పుడల్లా మా అమలాపురం ఇంటి గుమ్మంలో కొబ్బరిపీచు పట్టా తడిసి ఒక వాసన వేస్తుంది. మావారు ముక్కు మూసుకుని "ఆ దరిద్రాన్ని ఎండలో పడెయ్యవే" అంటారు. నేను మాత్రం వంగి, ఎవరూ చూడకుండా, గుండెల నిండా పీల్చుకుంటాను. మల్లెపూల వాసన పడని రోజులున్నాయేమోగాని నాకీ వాసన పడని రోజు లేదు. పుట్టిన బుద్ధి!

మామిడికుదురు దాటాక కాలవ గట్టు మీద మా అమ్మమ్మ ఇల్లు. ఇంటి వెనక గోతుల్లో కొబ్బరి డొక్కలు నెలల తరబడి నానుతూ ఉండేవి. నల్లటి ఆ నీళ్ళ మీద తూనీగలు, దాని పక్కన నానిన డొక్కల్ని చెక్క మీద పెట్టి కర్రతో కొట్టే ఆడవాళ్ళ చప్పుడు, మధ్యాహ్నం ఎండలో ఆరబోసిన బంగారు రంగు పీచు, ఆ పీచులో దొర్లితే ఒళ్ళంతా దురద, దురదకి అమ్మమ్మ రాసే కొబ్బరినూనె, ఆ నూనెకి అంటుకునే మళ్ళీ అదే పీచు. ఆ రోజుల్ని తలుచుకుంటే ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయాయో తెలీదు, అన్నీ ఒకే పొడుగాటి మధ్యాహ్నంలాగా కనపడతాయి. ఆ మధ్యాహ్నం నడుమ కాళ్ళు బారజాపుకుని అమ్మమ్మ, అరచేతుల మధ్య పీచు పేనుతూ, మాట్లాడుతూ, నవ్వుతూ, ఒక్కోసారి ఏడుస్తూ, చెయ్యి మాత్రం ఆపకుండా.

అమ్మమ్మకి ప్రతి కష్టానికీ ఒకటే మందు. చేతినిండా పీచు. కూర మాడినా, దూడ చచ్చినా, పక్కింటావిడ మాట అన్నా, గుప్పెడు పీచు తీసుకుని కూర్చునేది. ఒకసారి సఖినేటిపల్లి రేవులో మేం చూస్తుండగానే వశిష్ఠ పాయ దాటించే పంటు కదిలి వెళ్ళిపోయింది. నేను ఇసకలో కాళ్ళు కొట్టుకుని గోల చేస్తుంటే తను సంచిలోంచి పీచు తీసి, సగం నా చేతిలో పెట్టింది. "వెళ్ళిపోయిన పంటు మళ్ళీ వస్తాదే. ఈలోగా నువ్వేం ఈదుకుంటా వెళ్తావా? ఏడిస్తే ఏడు, చేతులూరికే ఉంచకు" అంది. పంటు తిరిగొచ్చేసరికి నేను మూరెడు తాడు పేనాను. వంకర తాడే అనుకోండి, అయినా ఆ రేవులో నా అంత గొప్పది ఇంకొకతె లేదనుకున్నాను.

నా ఏడేళ్ళప్పుడు అమ్మ కువైట్ వెళ్ళింది, ఎవరో మేడమ్ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి. రెండేళ్ళదాకా రాదన్నారు. నాకు బెంగకన్నా కోపమే ఎక్కువ ఉండేది. మేడమ్ పిల్లలకి అమ్మ కావాలి, నాకక్కర్లేదా అని. అప్పుడు ఊళ్ళోకి సెలవు మీద వచ్చినవాళ్ళ చేత అమ్మ ఒక టేప్‌రికార్డరూ, రెండు కేసెట్లూ పంపింది. ఒకటి ఖాళీది, మా జవాబుకి. రెండోదాన్లో అమ్మ గొంతు.

"బాగున్నావా అమ్మడూ? నేను బాగున్నాను. ఇక్కడ గోంగూర కనపడదే. అమ్మమ్మని విసిగించకు. కాలవలో దిగకు. తలకి నూనె రాసుకో." మధ్యలో ఒక దగ్గు, ఎక్కడో గిన్నె చప్పుడు, చివర టక్‌మని మీట నొక్కిన చప్పుడు. రోజుకి పదిసార్లు పెట్టించుకుని వినేదాన్ని. కోపం ఉన్నా వినేదాన్ని.

అట్లతద్ది వచ్చింది. చేతులకి ఎర్రగా పండిన గోరింటాకు, తెల్లారకుండా తిన్న చద్దన్నం, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు, పొద్దెక్కాక మావిడికొమ్మకి అమ్మమ్మ పేనిన తాడుతో ఉయ్యాల. అమ్మాయిలందరం ఊగుతూ పాడుతుంటే ఈ పాటలు అమ్మకి పంపితే ఎంత బాగుంటుందో అనిపించింది. టేప్‌రికార్డర్ చెట్టుకింద పెట్టి, ఎర్రమీట నొక్కి, గొంతు చించుకుని పాడాను. పాట అయ్యాక చూస్తే ఖాళీ కేసెట్టు గూట్లోనే ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తిప్పాను, ముందుకి తిప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే! మొదట్నుంచీ చివరిదాకా ఉయ్యాల కిర్రుమనడమూ, నా కాకిగొంతూ. అమ్మ ఎక్కడా లేదు. ఇంకా ఏడాదిన్నర దాకా రాదు. అంతలో ఆ గొంతు మర్చిపోతానేమోనని, అమ్మ వచ్చి పిలిస్తే ఎవరోననుకుంటానేమోనని నాకు పుట్టిన భయం ఇంతా అంతా కాదు.

అమ్మమ్మ తిట్టలేదు. అట్లు కాలుస్తున్నదల్లా పెనం దించేసి, నన్ను అరుగు మీదకి లాక్కెళ్ళి, ఒళ్ళో పీచు పోసింది.

"పేనుతా చెప్పు. ఏమందే మీ అమ్మ?"

వెక్కుతూ చెప్పాను. గోంగూర అన్నాను, కాలవ అన్నాను. "దగ్గు మర్చిపోయేవు. గోంగూర తర్వాత దగ్గింది" అంది. దగ్గాను. అమ్మమ్మ నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఆనాటినుంచీ రోజూ సాయంత్రం అదే పని. పీచు పేనుతూ నేను అమ్మ గొంతుతో అమ్మ మాటలు చెప్పడం, అమ్మమ్మ తప్పులు దిద్దడం. తాడు మధ్యలో తెగితే అమ్మమ్మ ముడి వేసేది కాదు, రెండు కొసలూ విప్పి కొత్త పీచు కలిపి పేనేది. ముడి అరచేతికి గుచ్చుకుంటుందట.

ఓ రోజు నేను చెప్పడం అవగానే "ఆఖరి ముక్క వదిలేసేవేం?" అంది.

"ఏ ముక్క?"

"'నిన్నొదిలేసి రావడం నా తప్పే తల్లీ' అనలేదూ? అది."

నాకు గుర్తు లేదు. కాని అమ్మమ్మ అబద్ధం ఆడదు కదా. ఆ మాట కలిపి చెప్పాను. చెప్పగానే అన్నాళ్ళుగా లోపల దాచుకున్న కోపమంతా ఏడుపై పోయింది. అమ్మమ్మ ఇంకాస్త పీచు అందించింది. అమ్మ తిరిగొచ్చేనాటికి నాకు అమ్మమీద కోపం లేదు. పంటు దిగుతున్న మనిషి "అమ్మడూ" అనగానే గుర్తుపట్టాను కూడా.

ఇప్పుడు అమ్మమ్మ లేదు. డొక్కల గోతులు పూడ్చి కొబ్బరి మొక్కలు వేసేశారు. పీచు తీయడానికి మిషన్లొచ్చాయి. కేసెట్టంటే ఏమిటని మా అమ్మాయి అడుగుతుంది. సాయంత్రాలు చేతులూరికే పెట్టుకుని కూర్చునే మనుషులమయ్యాం, అందులో నేనూ ఉన్నాను.

మొన్న అమ్మ మా ఇంటికొచ్చింది. ఇద్దరం చిక్కుళ్ళు ఒలుస్తుంటే "అప్పుడు నీకో కేసెట్ పంపేను, ఉందేంటే?" అనడిగింది. ఇన్నేళ్ళకి మొదటిసారి చెప్పాను, చెరిపేశానని. "ఏం ఫర్వాలేదు, నాకు నోటికొచ్చు" అని, దగ్గుతో సహా అంతా అప్పజెప్పాను. అమ్మ పడీపడీ నవ్వింది. ఆఖరి ముక్క దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అది నేననలేదే."

చేతిలోని చిక్కుడుకాయని ఒలిచి గిన్నెలో వేసింది. "అందామనే అనుకున్నాను. అంటే ఏడుపొచ్చేస్తాదని మీట నొక్కేసేను. మా అమ్మకెలా తెలిసిపోయింది?"

అమ్మ కళ్ళు తుడుచుకుని ఇంకో గుప్పెడు చిక్కుళ్ళు నా ముందుకి తోసింది.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పవే. ఆఖరి ముక్క మాత్రం నువ్వు చెప్పకు. నేను చెప్తాను."