నేను జూన్ ఒకటిన పుట్టలేదు

మెదక్‌లో మా ఎనిమిదో తరగతి సారు రోజూ పొద్దున్నే బోర్డు మీద ఒక ప్రశ్న రాసేవారు. చరిత్రలో ఈ రోజు ఏం జరిగింది? ఏ రాజు గద్దెనెక్కాడు, ఏ ఓడ ఏ రేవుకు చేరింది, ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఇవీ ఆ ప్రశ్నలు. సారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. మంచివారే, కానీ తారీఖంటే ఆయనకు దేవుడి మాట. ఎవరి పుట్టినరోజు అయితే ఆ రోజు ప్రశ్న వాళ్లే రాయాలని నియమం పెట్టారు. సుద్దముక్క చేతికిచ్చి, తాను పోయి మా బెంచీ మీద కూర్చునేవారు. ఆ సుద్దముక్క మీదే నా ప్రాణమంతా.

కానీ నా వంతు రాదు. బడిలో చేర్చేటప్పుడు మాలో సగం మందికి జూన్ ఒకటి అని రాసి పారేశారు. అందరం ఒక్కరోజే ఊడిపడ్డామట! జూన్ ఒకటిన ఎండాకాలం సెలవులు. ఎన్నేళ్లు చదివినా అంతే. మిగతావాళ్లు నవ్వి ఊరుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

మా అమ్మ లెక్క వేరు. ఊరు ఊరంతా ఏడుపాయల జాతరకు పోతే, శివరాత్రి జాగారం తెల్లారి నన్ను కన్నది. మంత్రసాని కూడా అప్పుడే జాతర నుంచి వచ్చి బండి దిగిందట.

ఆ ఏడు శివరాత్రి తెల్లారి క్లాసులో లేచి నిలబడ్డాను. "సార్, నేను శివరాత్రి తెల్లారి పుట్టిన. ఇయ్యాల నా పుట్టినరోజు. ప్రశ్న నేను రాస్త."

"నిరుడు శివరాత్రి నిన్నటి తారీఖున రాలేదు కదమ్మా. పుట్టినరోజు ఏటా మారుతుందా?" అన్నారు సారు.

"శివరాత్రి మారుతలేదా సార్? దాన్ని ఎవలు అడుగుతలేరు గదా."

క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "రుజువు తీసుకురా. అందాకా కూర్చో."

నేనెందుకు కూర్చుంటాను? కూర్చుంటే జూన్ ఒకటిని ఒప్పుకున్నట్టే. తిన్నగా ఇంటికి పోయి, బీడీలు చుడుతున్న అమ్మను వెంటబెట్టుకొచ్చాను. ఒళ్లోని చాట పక్కన పెట్టి, చేతులకంటిన తంబాకు దులుపుకుంటూనే వచ్చింది.

సారు మర్యాదగా లేచారు. "కాగితం ఏదైనా ఉందా అమ్మా?"

"కాయితమెందుకు సారూ? గీ పిల్లను కన్నది నేను. నొప్పులు పడ్డది నేను. జూన్ ఒకటి అని రాసినాయన గప్పుడు మా ఇంట్ల ఉండెనా?"

సారు సుద్దముక్క నా చేతిలో పెట్టి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు.

రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న రాజులూ ఓడలూ అక్కరలేదనిపించింది. బోర్డు నిండా రాశాను: "జూన్ ఒకటోళ్లందరు ఇంటికి పోయి అమ్మనడుగుండ్రి. మీరు ఎప్పుడు పుట్టిండ్రు?"

మర్నాడు ఒక్కొక్కరే లేచారు. పీర్ల పండుగకు పీర్లు లేచిన నాడని ఒకడు. క్రిస్మస్‌కు చర్చి కడిగిన నాడని ఒకతె. వరికోతల్లో, పొలం గట్టు మీదనే అని ఇంకొకడు. సారు వెనక బెంచీ మీద కూర్చుని చివరిదాకా విన్నారు. జూన్ ఒకటిన ఒక్కరూ పుట్టలేదు.